టార్ట్యూఫ్: భక్తి ముసుగులో ఆస్తికి ఎసరు పెట్టిన మనిషి కథ – మూర్నౌ మూకీ సినిమా

జర్మన్ దర్శకుడు ఎఫ్. డబ్ల్యు. మూర్నౌ తీసిన మూకీ సినిమా 'టార్ట్యూఫ్'. ఫ్రెంచి నాటక రచయిత మోలియేర్ రాసిన అదే పేరు గల నాటకం దీనికి ఆధారం. ఊఫా సంస్థ కోసం ఎరిక్ పోమర్ నిర్మించిన ఈ సినిమాకు కార్ల్ మాయర్ స్క్రీన్‌ప్లే రాశాడు. కార్ల్ ఫ్రాయిండ్ ఛాయాగ్రహణం, రాబర్ట్ హెర్ల్ట్, వాల్టర్ రోరిగ్‌ల కళా దర్శకత్వం, జ్యుసెప్పె బెచే సంగీతం. 1926 జనవరి 25న బెర్లిన్‌లో గ్లోరియా పలాస్ట్ అనే విలాసవంతమైన కొత్త థియేటర్ ఈ సినిమాతోనే ప్రారంభమయ్యింది. నిడివి సుమారు గంటా పది నిమిషాలు.

మూర్నౌ పేరు చెప్పగానే అందరూ 'నోస్ఫెరాటు' (1922), 'ది లాస్ట్ లాఫ్' (1924), 'ఫౌస్ట్' (1926), 'సన్‌రైజ్' (1927) గుర్తు చేసుకుంటారు. 'టార్ట్యూఫ్' ఈ పెద్ద సినిమాల మధ్య ఇరుక్కుపోయిన చిన్న సినిమా. దర్శకుడి గొప్ప చిత్రాల జాబితాలో దీన్ని చివరన పెట్టేవారే ఎక్కువ. కానీ ఒక మనిషి మరొక మనిషిని నమ్మించి ఎలా దోచుకుంటాడు, ఆ దోపిడీకి దోపిడీకి గురయ్యేవాడే ఎందుకు తలుపు తీస్తాడు అన్న విషయంలో ఇంత సూటిగా మాట్లాడిన మూకీ సినిమాలు తక్కువ.

మోలియేర్ నాటకం – ఐదేళ్ళ నిషేధం

సినిమా గురించి చెప్పుకునే ముందు నాటకం గురించి కొంత తెలియాలి. 1664 మే 12న వెర్సాయిలో 14వ లూయీ రాజు ఏర్పాటు చేసిన ఉత్సవాల్లో మోలియేర్ బృందం ఈ నాటకాన్ని మొదటిసారి ఆడింది. అప్పటికి మూడు అంకాలే. రాజు నవ్వాడు, ఆనందించాడు, ఆ వెంటనే బహిరంగ ప్రదర్శనలు నిషేధించాడు. రాజమాత చుట్టూ చేరిన భక్త బృందం, రహస్యంగా పనిచేసే మత సంఘాలు చేసిన ఒత్తిడి దీనికి కారణం. పియేర్ రూలే అనే పారిస్ మతాధికారి మోలియేర్‌ను మనిషి వేషంలో ఉన్న దెయ్యంగా వర్ణించి, అతన్ని తగలబెట్టాలన్నంత దూరం వెళ్ళాడు.

మోలియేర్ ఊరుకోలేదు. తాను భక్తిని ఎగతాళి చేయలేదనీ, భక్తి నటించేవాళ్ళను మాత్రమే ఎగతాళి చేశాననీ రాజుకు అర్జీ పెట్టుకున్నాడు. 1667 ఆగస్టు 5న నాటకం పేరు మార్చి, కథానాయకుడి పేరు కూడా 'పానుల్ఫ్' అని మార్చి పారిస్‌లో ఆడాడు. రాజు అప్పుడు ఫ్లాండర్స్ యుద్ధరంగంలో ఉన్నాడు. ఆ మర్నాడే పారిస్ న్యాయస్థానం అధ్యక్షుడు లామోఞాన్ ఆపించాడు. నాటకం చూసినా, చదివినా, విన్నా మతం నుండి వెలి వేస్తానని పారిస్ ఆర్చిబిషప్ ప్రకటించాడు. చివరికి 1669 ఫిబ్రవరి 5న అనుమతి దొరికింది. ఇప్పుడు మనం చదివేది ఆనాటి ఐదంకాల పాఠం. దెబ్బకు జనం విరగబడ్డారు. ఐదేళ్ళ నిషేధం కంటే మంచి ప్రచారం ఉండదని అప్పటికి రుజువయ్యింది.

నాటకంలో ఓర్గాన్ అనే ధనిక గృహస్థు (ఈ పాత్ర మోలియేరే వేశాడు) చర్చిలో పరిచయమైన టార్ట్యూఫ్ అనే బీద భక్తుడిని ఇంటికి తెచ్చి పెట్టుకుంటాడు. క్రమంగా అతనే ఇంటి యజమాని అవుతాడు. ఓర్గాన్ కూతురి పెళ్ళి చెడగొట్టి టార్ట్యూఫ్‌కిచ్చి చేస్తానంటాడు. అడ్డం వచ్చిన కొడుకు డామిస్‌ను ఇంట్లోంచి గెంటి, ఆస్తి మొత్తం టార్ట్యూఫ్ పేర రాసేస్తాడు. రెండో భార్య ఎల్మీర్ భర్తను బల్ల కింద దాచి, టార్ట్యూఫ్ అసలు రంగు చూపించేదాకా అతనికి కళ్ళు తెరుచుకోవు. అప్పటికే దస్తావేజు రాసి ఇచ్చేశాడు కనుక చట్టం టార్ట్యూఫ్ పక్షాన ఉంటుంది. అమీనా వచ్చి ఇల్లు ఖాళీ చెయ్యమంటాడు. చివరికి రాజుగారి అధికారి వచ్చి, రాజు అంతా గ్రహించాడనీ, టార్ట్యూఫ్ పాత నేరస్తుడనీ చెప్పి అతన్ని పట్టుకుపోతాడు. నిషేధం ఎత్తేసిన రాజుకు నాటకకర్త చెల్లించిన కృతజ్ఞతగా ఈ ముగింపును చాలామంది చూస్తారు. మరో రకంగా చూస్తే అది ఒక ఒప్పుకోలు కూడా: ఒకసారి సంతకం పడ్డాక, రాజు దిగివస్తే తప్ప సామాన్యుడికి దారి లేదు.

నాటకంలో ఒక గొప్ప సన్నివేశం ఉంది. ఊరినుండి తిరిగొచ్చిన ఓర్గాన్ ఇంటి సంగతులు అడుగుతాడు. అమ్మగారికి జ్వరం వచ్చింది, తలనొప్పితో రాత్రంతా నిద్ర లేదు అని పనిమనిషి డోరీన్ చెబుతుంది. మరి టార్ట్యూఫ్ ఎలా ఉన్నాడు అని అడుగుతాడు ఓర్గాన్. బాగా తిన్నాడు, బాగా తాగాడు, హాయిగా పడుకున్నాడు అంటుందామె. పాపం అని జాలి పడతాడు ఓర్గాన్! మళ్ళీ భార్య జ్వరం, మళ్ళీ టార్ట్యూఫ్ భోజనం, మళ్ళీ పాపం. టార్ట్యూఫ్ ఇంకా రంగం మీదకు రాకముందే, మూడో అంకం వరకూ అతను కనపడనే కనపడడు, మోసపోయేవాడి జబ్బు ఏమిటో ప్రేక్షకుడికి తెలిసిపోతుంది.

కార్ల్ మాయర్ ఏం తీసేశాడు, ఏం కలిపాడు

ఈ నాటకం బలమంతా మాటల్లో ఉంది. పద్యంలో రాసిన సంభాషణ అది. దాన్ని మూకీ సినిమాగా తీయడం అంటే పాట తీసేసి కచేరీ చెయ్యడం లాంటిది. మాయర్ దీనికి భయపడలేదు. నాటకాన్ని ఎముకలదాకా చెక్కేశాడు. కూతురు, ఆమె ప్రియుడు, కొడుకు, ఓర్గాన్ తల్లి, నిజమైన భక్తికీ దొంగ భక్తికీ తేడా చెప్పే బావమరిది, అమీనా, రాజు – అందరినీ తీసేశాడు. మిగిలింది నలుగురే: ఓర్గాన్ (వెర్నర్ క్రౌస్), ఎల్మీర్ (లిల్ డాగోవర్), డోరీన్ (లూసీ హోఫ్లిష్), టార్ట్యూఫ్ (ఎమిల్ యానింగ్స్).

తీసేసిన చోట మరో కథ పెట్టాడు. సినిమా మోలియేర్ కాలంలో మొదలు కాదు, 1920ల జర్మనీలో మొదలవుతుంది. ఒక ముసలి ధనికుడు (హెర్మన్ పిఖా) ఇల్లు చూసుకునే నడివయసు ఆడమనిషి (రోజా వలెట్టి) చేతుల్లో ఉన్నాడు. తలుపు అవతల ఉన్నంతసేపూ ఆమె ముఖంలో అసహ్యం, చిరాకు. ముసలాయన బూట్లు కాళ్ళకు అడ్డమొస్తే తన్నేస్తుంది. తలుపు తెరుచుకోగానే ఆ ముఖం మీదకు తేనె కారుతున్నట్టు నవ్వు వస్తుంది. ఆయనకు కొద్దికొద్దిగా విషం పెడుతోంది. మనవడు నాటకాల్లో చేరి చెడిపోయాడని నూరిపోసి, ఆస్తి తన పేర రాయించుకుంటోంది. మనవడు (ఆండ్రే మటోని) చూడడానికి వస్తే ముసలాయన గుమ్మంలోంచే తరిమేస్తాడు.

అప్పుడు ఆ కుర్రాడు నేరుగా కెమెరా వైపు తిరిగి, అంటే ప్రేక్షకుల వైపు తిరిగి, తానింత తేలిగ్గా వదిలిపెట్టనని చెబుతాడు. ఊరూరా తిరిగి సినిమాలు ఆడించేవాడిలా మారువేషం వేసుకుని, బండితో సహా మళ్ళీ వస్తాడు. తెలుగువారికి ఈ పాత్ర కొత్త కాదు. దక్షిణాదిన డేరాలు వేసి జనానికి బొమ్మల ఆట చూపించిన రఘుపతి వెంకయ్య నాయుడు లాంటి వాళ్ళతోనే ఇక్కడ సినిమా మొదలయ్యింది. మనవడు ఇల్లు చూసుకునే ఆవిడ అందాన్ని పొగుడుతాడు. ఆమె పొంగిపోతుంది. ముసలాయన్ని ఒప్పించి హాల్లో తెర కట్టిస్తుంది. దీపాలు ఆర్పుతారు. ఆ తెర మీద ఆడే సినిమాయే 'టార్ట్యూఫ్'.

కొడుకు డామిస్ పాత్రను మాయర్ లోపలి కథలోంచి తీసేశాడని పైన అనుకున్నాం. నిజానికి తీసెయ్యలేదు, చోటు మార్చాడంతే. ఆస్తి పోగొట్టుకుని గెంటివేయబడ్డ కుర్రాడు బయటి కథలో మనవడిగా కూర్చున్నాడు. నాటకంలో రాజు చేసిన పనిని ఇక్కడ అతనే చేస్తాడు, అదీ ప్రొజెక్టరుతో. వెర్సాయిలో రాజు అనుమతిస్తేనే తెర లేచిన కథకు, బెర్లిన్‌లో సినిమాయే న్యాయాధికారి అయ్యింది. సినిమా పట్ల ఆనాటి కళాకారులకున్న నమ్మకం ఇందులో తెలుస్తుంది. ఆ నమ్మకం కాస్త అమాయకమైనదే.

లోపలి కథ

ఎల్మీర్ భర్త రాక కోసం ఎదురుచూస్తుంటుంది. ఇల్లంతా దీపాలు, పూలు. ఓర్గాన్ వస్తాడు, కానీ మారిపోయి వస్తాడు. ముద్దు పెట్టుకోబోతే వెనక్కి తగ్గుతాడు, అది పాపమని టార్ట్యూఫ్ చెప్పాడట. ఇంట్లో విలాసం పాపం, వెలుగు పాపం, నౌకర్లు పాపం. ఒకటొకటే తొలగించేస్తాడు. వెలుగుతో మొదలైన ఇల్లు కొద్ది నిమిషాల్లో ఖాళీగా, చీకటిగా మారుతుంది. ఎల్మీర్ ఒంటరిగా కూర్చుని ఏడుస్తుంటే ఒక కన్నీటి చుక్క ఓర్గాన్ చిత్రం ఉన్న పతకం మీద పడి ఆ ముఖాన్ని చెరిపేస్తుంది. మాటల్లేని సినిమా ఇంతకంటే ఏం చెప్పాలి?

తర్వాత టార్ట్యూఫ్ వస్తాడు. యానింగ్స్ భారీ మనిషి. నల్లటి పొడవాటి కోటు, ముక్కుకు ఆనించి పట్టుకున్న చిన్న ప్రార్థన పుస్తకం, సగం మూసిన కళ్ళు. ఆ పుస్తకం మీదుగా అతను లోకాన్ని చూస్తాడు. పుస్తకం చదువుతున్నాడో, పుస్తకం వెనక దాక్కున్నాడో తెలియదు. మన భాషలో దీన్ని కొంగ జపం అంటారు. అతని పని మొత్తం తినడం, పడుకోవడం. తోటలో ఊయలలో గురక పెడుతుంటే, నిద్ర చెడకుండా ఇంటి యజమాని పక్కన కాపలా కాస్తాడు. సేవ చేసేదెవరు, చేయించుకునేదెవరు అన్న సంగతి ఇక్కడ పూర్తిగా తలకిందులవుతుంది.

ఎల్మీర్ మొదటి ప్రయత్నం మధ్యాహ్నం టీ దగ్గర జరుగుతుంది. భర్త తెర వెనక నిలబడతాడు. టార్ట్యూఫ్ దాదాపు వల్లో పడబోతాడు. అంతలో టీ పాత్ర నున్నటి ఉపరితలం మీద ఓర్గాన్ ముఖం వంకరగా, చిన్నగా కనిపిస్తుంది. క్షణంలో టార్ట్యూఫ్ మళ్ళీ భక్తుడైపోతాడు. పుస్తకం పైకి లేస్తుంది, కళ్ళు మూతపడతాయి. ఈ సినిమాలో జనం ఎక్కువగా గుర్తు పెట్టుకున్న షాట్ ఇదే. నాటకంలో ఇది లేదు, ఉండడానికి వీల్లేదు. రంగస్థలం మీద టీ పాత్ర మీది ప్రతిబింబాన్ని చివరి వరుసలో ప్రేక్షకుడికి ఎవరూ చూపించలేరు. నటించేవాడికి ఎప్పుడూ ఒక కన్ను ప్రేక్షకుడి మీద ఉంటుందన్న సంగతిని మూర్నౌ ఒక వంటపాత్రతో చెప్పాడు. నమ్మకం పెరిగిన ఓర్గాన్ ఆ తర్వాత యావదాస్తినీ టార్ట్యూఫ్‌కు రాసిచ్చేస్తాడు.

రెండో ప్రయత్నం రాత్రి, ఎల్మీర్ గదిలో. ఈసారి టార్ట్యూఫ్ తాగి ఉన్నాడు. యానింగ్స్ ముఖం, పాడైన పళ్ళు, చెమట తెర నిండా వస్తాయి. తాను ఎవరో, ఎందుకొచ్చాడో, ఇంటి యజమాని ఎంత వెర్రివాడో నవ్వుకుంటూ చెప్పుకుంటాడు. డోరీన్ వెళ్ళి యజమానిని నిద్ర లేపి తీసుకొస్తుంది. ఓర్గాన్ తాళం రంధ్రంలోంచి చూస్తాడు. తలుపు బద్దలుకొట్టి వచ్చి తన్ని తరిమేస్తాడు. ఇక్కడ రాజు లేడు, అధికారి లేడు, కోర్టు లేదు. భర్త కళ్ళు తెరుచుకోవడమే తీర్పు.

బయటి కథకు తిరిగొస్తాం. దీపాలు వెలుగుతాయి. మనవడు వేషం తీసేస్తాడు. విషం సీసా బయటపడుతుంది. ఆమెను వీధిలోకి గెంటేస్తే పిల్లలు వెంటపడి గేలి చేస్తారు. చివరి టైటిల్ కార్డు ప్రేక్షకుడికి ఒక ప్రశ్న వేస్తుంది: నీ పక్క సీట్లో కూర్చున్నది ఎలాంటి మనిషో నీకు తెలుసా అని.

రెండు కథలు, రెండు వెలుగులు

ఫ్రాయిండ్ ఈ రెండు కథలనూ రెండు పద్ధతుల్లో తీశాడు. లోపలి కథ మెత్తని వెలుగులో, లెన్స్ ముందు పల్చని వల అడ్డం పెట్టినట్టు పొగమంచులా ఉంటుంది. సెట్లు 18వ శతాబ్దపు రాజభవనాల తీరులో ఉంటాయి. హెర్ల్ట్, రోరిగ్ వస్తువులు నింపలేదు. తెల్లటి ఖాళీ గోడలు, ఇనుప చట్రపు పిట్టగోడతో వంపు తిరిగిన ఒక మెట్ల వరుస, కొన్ని తలుపులు. అంతే. ఆ మెట్ల మీద కొవ్వొత్తి పట్టుకుని ఎవరు ఎక్కుతున్నారు, ఎవరు దిగుతున్నారు అన్నదే సగం కథ చెబుతుంది. టార్ట్యూఫ్ నల్ల కోటు ఆ తెల్లగోడల మీద సిరా మరకలా కనిపిస్తుంది.

బయటి కథ దీనికి పూర్తిగా వ్యతిరేకం. కఠినమైన వెలుగు, నటులకు మేకప్ దాదాపు లేదు, ముడతలు, మొటిమలు, గరుకు చర్మం యథాతథంగా కనపడతాయి. కెమెరా కింద నుంచీ, మరీ దగ్గర నుంచీ చూస్తుంది. పాత కాలపు మోసం అందంగానూ, మన కాలపు మోసం వికారంగానూ కనిపించేలా చేశారన్నమాట. మోలియేర్ నాటకాన్ని మ్యూజియం వస్తువుగా చూసి, ఎప్పటిదో కదా అని నిట్టూర్చి ఇంటికి పోయే వీలు ప్రేక్షకుడికి ఇవ్వలేదు.

స్వార్థం ఎవరిది?

ఈ సినిమా మీద రాసేవాళ్ళు సాధారణంగా టార్ట్యూఫ్ కపటాన్ని, ఇల్లు చూసుకునే ఆవిడ దురాశను చెప్పి ఊరుకుంటారు. అది పైకి కనపడే సంగతి. దాని కింద మరొకటి ఉంది.

ఓర్గాన్‌కు టార్ట్యూఫ్ ఎందుకు అవసరమయ్యాడు? అతనికి మోక్షం కావాలి, అదీ తన ఒక్కడికే. భార్య కన్నీరు, నౌకర్ల పొట్ట, ఇంటి వెలుగు అన్నీ ఆ మోక్షానికి చెల్లించే ధర. ఆ ధర చెల్లించేది మాత్రం అతను కాదు, చుట్టూ ఉన్నవాళ్ళు. త్యాగం చేస్తున్నానని అతను అనుకుంటాడు, కానీ త్యాగమైపోతున్నది ఎల్మీర్. మోలియేర్ ఓర్గాన్‌లో కుటుంబాన్ని తన చెప్పుచేతల్లో పెట్టుకోవాలనుకునే మొండి తండ్రి ఎక్కువగా కనిపిస్తాడు. క్రౌస్ వేసిన ఓర్గాన్‌లో ఆ మొండితనం మెత్తబడి, ఒక రకమైన తన్మయత్వంగా మారింది. తాను పవిత్రుడయ్యానన్న సంతోషం అతని ముఖం మీద వెలుగుతుంటుంది. టార్ట్యూఫ్ దొంగిలించేది డబ్బు. ఓర్గాన్ కొనుక్కునేది తన మీద తనకు కలిగే గొప్ప అభిప్రాయం. కపటానికి కొనుగోలుదారు లేకపోతే ఆ వ్యాపారం ఒక్కరోజు కూడా నడవదు.

బయటి కథలో ముసలాయన కూడా అంతే. నాటకాలాడేవాడు చెడ్డవాడన్న తన నీతిని ఎవరు సమర్థిస్తే వాళ్ళకు ఆస్తి రాసిస్తాడు. ఇల్లు చూసుకునే ఆవిడ విషం మందు సీసాలో పోసింది నిజమే, కానీ మనవడి మీద విషం ఆయన చెవికి ఇష్టమయ్యే దిగింది.

ఇక మనవడు. సినిమా అతన్ని ఎక్కడా ప్రశ్నించదు. అతనూ మారువేషం వేశాడు, పొగడ్తలతో ఒక మనిషిని బుట్టలో వేశాడు, చివరికి ఆస్తి అతనికే దక్కుతుంది. తాత మీద ప్రేమా, ఆస్తి మీద ప్రేమా అన్నది తేల్చుకునే అవకాశం కథ ఇవ్వలేదు. మాయర్ స్క్రీన్‌ప్లేలో ఇదే బలహీనత. మోలియేర్ రాజుకు మొక్కి కథ ముగిస్తే, మాయర్ వారసుడికి మొక్కి ముగించాడు. రెండు కథల్లోనూ బయటికి గెంటబడేది ఆస్తి లేని మనిషే. ఆమె హంతకురాలు, సందేహం లేదు. అయినా ఆ చివరి దృశ్యంలో వీధి పిల్లల మధ్య పరిగెత్తే రోజా వలెట్టి ముఖం చూసినప్పుడు నవ్వు పూర్తిగా రాదు.

సినిమా తీసేసిన బావమరిది పాత్ర సంగతి కూడా చెప్పుకోవాలి. నిజమైన భక్తులు వేరు, వీళ్ళు వేరు అని వాదించే ఆ పాత్ర మోలియేర్‌కు ఒక డాలు. మతాధికారుల దాడికి అడ్డం పెట్టుకోవడానికి అది కావాలి. 1920ల బెర్లిన్‌లో మూర్నౌకు ఆ డాలు అవసరం లేకపోయింది. అందుకే సినిమాలో మంచి భక్తికి ప్రతినిధి అంటూ ఎవరూ లేరు. ఉన్నది ఎల్మీర్ ప్రేమా, డోరీన్ లోకజ్ఞానమూ. భక్తి గురించి ఒక్క మాట మాట్లాడకుండా ఆ ఇద్దరు ఆడవాళ్ళే ఇంటిని నిలబెడతారు.

దస్తావేజు మీద సంతకం

ఈ కథలో అసలు ప్రమాదం సంతకం దగ్గర ఉంది. గురువు మాటకో, సేవ చేస్తున్న మనిషి మాటకో లొంగి ఆస్తి రాసిచ్చాక దాన్ని వెనక్కి తీసుకోవచ్చా? మోలియేర్ నాటకంలో దీనికి చట్టం దగ్గర జవాబు లేదు. భారత దేశంలో ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 16వ సెక్షన్ 'అనుచిత ప్రభావం' గురించి చెబుతుంది. ఒకరి మనసు మీద పెత్తనం చేయగల స్థితిలో ఉన్నవాడు ఆ స్థితిని వాడుకుని అన్యాయమైన లాభం పొందితే, ఆ ఒప్పందాన్ని రద్దు చేయించుకోవచ్చు. 1890లో అలహాబాద్ హైకోర్టు ముందుకు వచ్చిన మన్ను సింగ్ – ఉమాదత్ పాండే కేసు అచ్చంగా ఓర్గాన్ కథే. పరలోకంలో ఆత్మకు మేలు జరుగుతుందన్న నమ్మకంతో ఒక వృద్ధుడు తన ఆస్తి మొత్తం తన గురువుకు దానంగా రాసిచ్చాడు. తర్వాత కళ్ళు తెరిచి కోర్టుకు వెళ్ళాడు. గురువుకు శిష్యుడి మనసు మీద ఉండే పట్టును లెక్కలోకి తీసుకున్న కోర్టు ఆ దానాన్ని రద్దు చేసింది. న్యాయశాస్త్రం చదివే విద్యార్థులు ఇప్పటికీ ఈ కేసును చదువుతారు.

బయటి కథలోని ముసలాయనకు దగ్గరగా వచ్చేది 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం. తమను చూసుకోవాలన్న షరతు మీద వృద్ధులు ఆస్తి రాసిచ్చాక, తీసుకున్నవాళ్ళు చూసుకోకపోతే ఆ బదిలీ చెల్లదని ప్రకటించమని 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌ను అడగవచ్చు. అయితే షరతు దస్తావేజులో రాసి ఉందా లేదా అన్న దగ్గర చాలా కేసులు చిక్కుపడుతుంటాయి. ప్రేమతో రాసిచ్చేవాడు షరతు రాయించుకోడు కదా.

మోలియేర్ భారత దేశానికీ, తెలుగువారికీ పరాయివాడేమీ కాదు. భమిడిపాటి కామేశ్వరరావు వంటి రచయితలు ఆయన ప్రహసనాలను తెలుగు ఇళ్ళలోకి తెచ్చారు. ఊఫా సంస్థకు కూడా భారతీయ సినిమాతో సంబంధం ఉంది. హిమాంశు రాయ్ తీసిన 'షిరాజ్' (1928), 'ప్రపంచ పాశ్' (1929) నిర్మాణాల్లో ఆ సంస్థ పాలు పంచుకుంది. దేవికారాణి అక్కడి స్టూడియోలోనే పని నేర్చుకుంది.

తర్వాత ఎవరెవరు ఎక్కడికి పోయారు

ఈ సినిమాలో పనిచేసిన వాళ్ళ జీవితాలు సినిమా కంటే ఎక్కువ చెబుతాయి. మూర్నౌ 1926లోనే అమెరికా వెళ్ళి, 1931 మార్చి 11న కాలిఫోర్నియాలో కారు ప్రమాదంలో 42 ఏళ్ళకే చనిపోయాడు. కెమెరామన్ ఫ్రాయిండ్ కూడా హాలీవుడ్ చేరి 'ది గుడ్ ఎర్త్' ఛాయాగ్రహణానికి ఆస్కార్ అందుకున్నాడు. టార్ట్యూఫ్ వేసిన యానింగ్స్ 1929లో తొలి ఆస్కార్ ఉత్తమ నటుడి బహుమతి గెలుచుకుని జర్మనీకి తిరిగొచ్చాడు. హిట్లర్ అధికారంలోకి వచ్చాక నాజీ ప్రభుత్వం కోసం 'ఓమ్ క్రూగర్' (1941) లాంటి ప్రచార చిత్రాలు చేశాడు. యుద్ధం తర్వాత అతనికి తెర మీద చోటు దొరకలేదు. 1950లో ఆస్ట్రియాలో చనిపోయాడు. ఓర్గాన్ వేసిన క్రౌస్ 1940లో యూదుల మీద విషం కక్కిన 'యూద్ స్యూస్' సినిమాలో అనేక యూదు పాత్రలు తానే వేసి ద్వేషానికి ముఖం అరువిచ్చాడు.

నిర్మాత పోమర్ 1933లో దేశం విడిచిపోవలసి వచ్చింది. యూదుడైన కార్ల్ మాయర్ లండన్ చేరి, 1944లో అక్కడే పేదరికంలో చనిపోయాడు. ఇల్లు చూసుకునే ఆవిడగా వేసిన రోజా వలెట్టి బెర్లిన్ క్యాబరేలో పేరున్న కళాకారిణి, 1928లో బ్రెహ్ట్ 'త్రీపెన్నీ ఒపెరా' తొలి ప్రదర్శనలో మిసెస్ పీచమ్‌గా నటించింది. యూదురాలు కావడంతో ఆమె కూడా 1933లో జర్మనీ వదిలింది. 1937లో వియన్నాలో చనిపోయింది.

సినిమా జర్మన్ మూలప్రతి నిలవలేదు. అప్పట్లో విదేశాలకు పంపడానికి వేరు వేరు నెగెటివ్‌లు తయారు చేసేవాళ్ళు. ప్రస్తుతం దొరికే 'టార్ట్యూఫ్' ప్రధానంగా అమెరికాకు పంపిన ప్రతి మీద ఆధారపడింది. స్పానిష్ పరిశోధకుడు లూసియానో బెరియాతువా దీన్ని పునరుద్ధరించాడు, బెచే సంగీతాన్ని కూడా జత చేశారు. ఇవాళ డీవీడీల్లోనూ, సినిమా ఉత్సవాల్లోనూ చూసేది ఆ ప్రతినే.